నిన్నటి పులుసు

పూర్ణా మార్కెట్ వెనక కొబ్బరికాయల కొట్టు మీద మేడగదిలో ఉంటుంది ఫ్లోరెన్స్ ఆఫీసు. ఇరవై ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన ఆమె ఇప్పుడు జనం దాచిన నిజాలు వెలికితీసే పని పెట్టుకుంది. మూడేళ్లుగా ఆమె దగ్గర అసిస్టెంటుగా ఉన్న ఉమామహేష్‌కి మేడమ్ మాట వేదవాక్కు. ఆవిడ ఆదివారం చర్చికి వెళ్తారన్నది వేరే సంగతి.

1998 ఆగస్టులో ఒక ఉదయం గురువులు అనే జాలరి మెట్లెక్కి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఎల్లుండి మా పేటలో పెద్దలు కూకుంతారు మేడమ్. మా యమ్మని ఊరొదిలి పొమ్మంటారు. నా పెళ్లానికి సిల్లంగి పెట్టిందంట!"

చేతబడికి ఆ సముద్రపు ఒడ్డున చిల్లంగి అని పేరు. గురువులు భార్య చిట్టెమ్మకి రెండు నెలలుగా కడుపులో పోట్లు. మనిషి పాలిపోయింది. ఇప్పుడు కుడి చెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయి, గరిటె కూడా ఎత్తలేకపోతోంది.

"వంట ఎవరిది?"

"మా యమ్మదే. అక్కడే వచ్చింది తంటా. ఒండింది తను ముట్టదని అందరూ సూసినారు. మోకాళ్ల నొప్పులకి పసరు తాగతంది మేడమ్, పులుపు తగలకూడదు. అందుకే ఎండు మెత్తళ్లు కాల్సుకుని తింటది."

"మీరు తింటారా?"

"రాత్రి ఏడేడి సేపల పులుసుతో రెండు ముద్దలు. తెల్లారకుండానే ఏటకెల్లిపోతాను. నాకూ ఒకోపాలి పొట్టలో మెలిపెడతాది."

"మిగిలిన పులుసో?"

"నిన్నటి పులుసే గదా మేడమ్ రుసి! పొద్దున్న సిట్టెమ్మే సద్దన్నంలో ఏసుకుని గిన్నె ఊడ్సి మరీ తింటది." అతను చేతులు జోడించాడు. "ఎవుడు సేసినా సరే, పదిమందిలో పేరు సెప్పండి. ఆడే ఊరొదలాలని మా పేట పెద్ద వరహాలు మామ ముందు ఒట్టేసినాను."

"ఎవరి పేరైనా చెబుతాను. తర్వాత వద్దంటే వినను," అంది ఫ్లోరెన్స్.

మధ్యాహ్నానికి ముగ్గురూ పేట చేరారు. ప్రతి ఇంటి అరుగు మీదా చేపల పులుసు కాచే మట్టి దాకలు బోర్లించి ఉన్నాయి. గురువులు ఇంట్లో మాత్రం లోపల తెల్లగా మెరుస్తున్న ఇత్తడి గిన్నె.

"మా పుట్టింటోరిచ్చింది," అంది చాప మీద పడుకున్న చిట్టెమ్మ, ఆ నీరసంలోనూ గొప్పగా. "దాక పగిలిపోతే మా యింటోడు కళాయి ఏయించి తెచ్చినాడు. మూడు నెల్లయింది."

ఫ్లోరెన్స్ ఆమె పెదవి పైకెత్తి చూసింది. చిగుళ్ల అంచున సన్నటి నీలిగీత. తర్వాత గిన్నె లోపల తెల్ల కాగితం పెట్టి రుద్దితే పెన్సిలు గీసినట్టు నల్లటి చార పడింది.

బయట వల ఆరేసి ఉంది. దాని అడుగు తాడుకి, వల నీళ్లలో మునిగేలా, ఒక సగం సీసం గుళ్లు, రెండో సగం కొత్తగా కట్టిన కాల్చిన మట్టి గుళ్లు. ఉమామహేష్ అది పుస్తకంలో రాసుకున్నాడే గానీ, ఎందుకు రాసుకున్నాడో అతనికే తెలీదు.

గురువులు తల్లి ముసలమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "అది నా తమ్ముడి కూతురమ్మా. ఈ సేతుల్తో పెంచినాను. నన్నేటన్నా అనుకోండి, ముందు దాన్ని పెద్దాసుపత్రికి తీసుకెల్లండి."

చిట్టెమ్మని వెంటనే ఆటో ఎక్కించారు. గిన్నె ఫ్లోరెన్స్ సంచిలోకి వెళ్లింది.

మర్నాడు పూర్ణా మార్కెట్లో గిన్నెలకి కళాయి పూత వేసే తవిటయ్య, తను వేసింది అచ్చం తగరమేనని ప్రమాణం చేశాడు. ఫ్లోరెన్స్ అతని ముందున్న తగరం కడ్డీ తీసి వంచింది. కిర్రుమని చప్పుడైంది.

"తగరం వంచితే అరుస్తుంది. సీసం నోరెత్తదు. ఈ గిన్నె గీకిన పొడి నా దగ్గరుంది తవిటయ్యా. నువ్వు చెబుతావా, అది చెప్పాలా?"

తవిటయ్య తల దించుకుని నిజం చెప్పేశాడు.

అనుకున్న రోజున పడవల పక్క ఇసుకలో పేట పేటంతా చేరింది. పేట పెద్ద వరహాలు మధ్యలో కూర్చున్నాడు. ఫ్లోరెన్స్ ఒక మట్టి దాక, ఆ ఇత్తడి గిన్నె ముందుపెట్టింది. రెండింట్లోనూ ముందు రోజు రాత్రంతా వెనిగర్ పోసి ఉంచింది. రెండు గాజు గ్లాసుల్లోకి దాన్ని వంచి, చిన్న సీసాలోని మందు చుక్కలు వేసింది. దాకలోది మారలేదు. గిన్నెలోది పసుపు కలిపినట్టు పచ్చబడింది.

"ఇది సీసం. కట్టెల పొయ్యి మీదే కరుగుతుంది, చెప్పినట్టు వంగుతుంది, అందుకే మీ వలలకి ముద్దు. కానీ పులుపు తగిలితే కూరలోకి దిగుతుంది. వాసన ఉండదు. రాత్రంతా నానితే ఇంకా ఎక్కువ దిగుతుంది. ఒంట్లో చేరితే పేగుల్ని మెలిపెడుతుంది, రక్తాన్ని తగ్గిస్తుంది, నరాల్ని చంపుతుంది, ఎముకల్లో కాపురం పెడుతుంది. చిట్టెమ్మ రక్తంలో ఉన్నది ఇదేనని ఆసుపత్రివాళ్లూ చెప్పారు. పులుసు ముట్టని ముసలమ్మగారు బతికిపోయారు. ఆవిడ చేసిన నేరం అదొక్కటే."

"అయితే కళాయోడిదే తప్పు!" అన్నాడు వరహాలు.

"అతనిదీ ఉంది. ఆ రోజు తగరం చాలక మర్నాడు రమ్మన్నాడు. గిన్నె తెచ్చినవాడు ఆగలేక తన వల గుళ్లు తీసిచ్చాడు. రెండూ తెల్లటివే, ఏదైతేనేం అన్నాడట. తప్పని తెలిసీ తవిటయ్య కరిగించాడు."

"ఎవుడాడు?"

ఉమామహేష్‌కి పుస్తకంలోని మట్టి గుళ్లు గుర్తొచ్చాయి. ఈ ఒక్కసారికి మేడమ్ నోరు మెదపకపోతే బాగుండుననిపించింది. ఆమె మాత్రం మాట తప్పలేదు.

"గురువులు."

గురువులు గిన్నె చేతుల్లోకి తీసుకుని లోపలికి చూశాడు. "మా తాతల కాన్నించి ఆ గుళ్లు పళ్లతోనే నొక్కి తాడుకి బిగిత్తాం మేడమ్! ఇసమని ఎవుడు సెప్పినాడు? దానికి పులుసంటే పేణమని, తొందరగా తెద్దామనీసి..." గిన్నె కింద పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. "ఒట్టేసినాను మామా. ఎల్లిపోతాను."

ముసలమ్మ కొడుక్కి అడ్డం వచ్చి నిలబడింది.

"నన్ను ఎల్లగొట్టడానికే గదా కూకున్నారు! ఇప్పుడు నా మాట ఇనండి. ఈడెల్లిపోతే ఆసుపత్రిలో దానికి గంజి ఎవుడు తాపుతాడు? దాని సెయ్యి లెగిసి ఈడి సెంప పగలగొట్టీదాకా ఈడెక్కడికీ ఎల్లడు. అదీ సిచ్చ!"

వరహాలు అలాగేనని తలూపాడు.

నవంబరులో గురువులు మళ్లీ ఆ మెట్లెక్కాడు. చేతిలో కొత్త మట్టి దాక, దాంట్లో వేడి పులుసు. ఈసారి అడక్కుండానే కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ చెంప ఎర్రగా కందిపోయి ఉంది.

"కొట్టింది మేడమ్," అన్నాడు చెంప నిమురుకుంటూ. "గట్టిగానే కొట్టింది."

నవ్వుతూనే ఏడ్చేశాడు.