ఐదో తలుపు

ఆదివారం మధ్యాహ్నం. ఆఫీసు మొత్తానికి ఆమె ఒక్కతే. రోజూ అందరికంటే ఆఖర్న వెళ్తుందని తోటివాళ్ళు ఆమెకి ‘తాళంకప్ప’ అని పేరు పెట్టారు. వాళ్ళ వేళాకోళం వాళ్ళది. తల్లి పోయాక ఇంట్లో తన కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరున్నారు గనక?

పని చిన్నదే. ఈ భవనానికి నాలుగు తలుపులు: కింద గేటు, పైన మూడు అంతస్తులు. కార్డు తాకిస్తేనే తెరుచుకుంటాయి. ఎవరు ఏ తలుపు దాటారో పాత సర్వరు ఇరవై ఏళ్ళుగా రాసి పెట్టుకుంటోంది. దానికి కొత్త వెబ్ పేజీ ఒకటి కలపాలి. లోపల ఎంతమంది ఉన్నారో ఫోన్లోనే కనబడాలి. రేపు పొద్దున పదింటికల్లా కాకపోతే ఉద్యోగం ఊడుతుందని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు.

ఆ సర్వరు ప్రోగ్రాం రాసింది మాస్టారు. ఆమెకి పని నేర్పిందీ ఆయనే. బుగ్గన లవంగం పెట్టుకుని, “పట్టికలోంచి మనుషుల్ని చెరపకూడదమ్మా. ఉన్నవాళ్ళకి ఒకటి, పోయినవాళ్ళకి సున్నా. అంతే,” అనేవారు. ఆర్నెల్ల కిందట ఆయనా పోయారు. ఆయన పేరు పక్కన సున్నా పెట్టింది ఆమే. పెట్టి, బాత్రూంలోకెళ్ళి ఏడ్చింది.

పేజీ వెలిగింది. లోపల: 1.

అది తనే. ఇంకో మనిషి వస్తే అంకె మారుతుందో లేదో చూడాలి. పట్టికలో మొదటి వరసతో పరీక్ష చేయడం ప్రోగ్రాంలు రాసేవాళ్ళందరికీ అలవాటు. మొదటి వరస మాస్టారిది.

“ఒక్క నిమిషం మాస్టారూ, మళ్ళీ తీసేస్తాను,” అంటూ సున్నాని ఒకటి చేసి, గేటు దాటినట్టు రాసింది.

లోపల: 2.

వెంటనే తీసేయాలి. చేతులు రాలేదు. ఆ రెండుని చూస్తుంటే ఎందుకో ప్రాణానికి హాయిగా ఉంది. దాన్నలాగే ఉంచి టీ తాగింది.

బయట వాన పట్టుకుంది. గది మసకబారింది. ఎక్కడో కింద, కార్డు తాకించిన చప్పుడు.

పేజీలో మాస్టారి వరస మారింది. మొదటి అంతస్తు.

గేటు బయట ఉండే వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది. “అన్నా, పైకి ఎవరైనా వచ్చారా?”

“ఎవరూ రాలేదమ్మా. మీరొక్కరే.”

మాస్టారి పేరు పక్కన ఒకటి తీసి సున్నా పెట్టింది. క్షణంలో మళ్ళీ ఒకటి. మళ్ళీ సున్నా... మళ్ళీ ఒకటే.

రెండో అంతస్తు.

ఆమె ఉన్నది మూడోదానిలో.

తలుపు దగ్గర కార్డు చప్పుడైంది. తలుపు మెల్లగా తెరుచుకుంది. ఎవరూ లేరు... లవంగం వాసన.

“మాస్టారూ... మీరేనా?”

పక్క కుర్చీ కిర్రుమంది. ఎవరో కూర్చున్నట్టు...

సంచీ లాక్కుని మెట్ల మీదుగా పరుగెత్తింది. గేటు దాటింది. వానలో తడిసి ఇల్లు చేరి, గడియ పెట్టి, తలుపుకి చేరగిలబడింది. ఫోన్లో పేజీ తెరిచింది.

నాలుగు తలుపులకీ ఎదురుగా నాలుగు సున్నాలు. భవనంలో ఎవరూ లేరు. అమ్మయ్య అనుకుంది. పేజీ బాగానే పనిచేస్తోంది, ఉద్యోగానికి ఢోకా లేదు.

ఫోను పక్కన పెట్టబోతూ ఆగింది. నాలుగో తలుపు కింద ఇంకో వరస ఉంది. తను రాయనిది.

ఐదో తలుపు: ఇల్లు. లోపల: 2.