వంపు దగ్గర తొంభై ఏడు మార్కులు

"వందకి తొంభై ఏడు!" అంటూ డాక్టర్ పాండురంగం ఒక్క గంతు వేశాడు. యాభైకి దగ్గరపడిన మనిషి, పైగా సైంటిస్టు, రైలుపట్టాల పక్కన తుమ్మపొదల్లో గంతులేస్తే చూసినవాళ్లు ఏమనుకుంటారు? అదృష్టం బాగుండి అప్పటికి చూసేవాళ్లెవరూ లేరు.

ముందు అసలు సంగతి చెప్పాలి. కొందరికి రైళ్లంటే పిచ్చి. ఎక్కడానికి కాదండీ, ఉత్తినే చూడటానికి. వేములకుదురు జంక్షన్ ఇలాంటివాళ్లకి పుణ్యక్షేత్రం. రేవు నుంచి బొగ్గు బళ్లు, ఇనప ఖనిజం బళ్లు, మధ్యలో ఎక్స్‌ప్రెస్‌లు, పొద్దస్తమానం పోతూనే ఉంటాయి. కానీ కొత్తగా వచ్చినవాడికి ఎక్కడ నిలబడాలో తెలియదు. ప్లాట్‌ఫారం చివరికి వెళితే పోలీసు తరుముతాడు. వంతెన ఎక్కితే ఇంజను నెత్తి తప్ప మొహం కనపడదు. గేటు దగ్గర నిలబడితే ఎండ కళ్లల్లో కొడుతుంది. తీరా మంచి చోటు దొరికేసరికి తిరుగు ప్రయాణానికి వేళవుతుంది.

ఆ బాధ తీర్చడానికే పాండురంగం ‘రైల్‌చూపు’ అనే యంత్రం తయారుచేశాడు. సబ్బుపెట్టెంత ఉంటుంది, అడుగున రెండు మేకులు. నేలలో గుచ్చితే, వచ్చే బండి అదురు పట్టుకుని అది ఏ లైన్లో ఎంత స్పీడులో వస్తోందో చెప్పేస్తుంది. పైనున్న కెమెరా ఎండ ఎటు పడుతోందో, బండి తల నుంచి తోక దాకా కనిపిస్తుందో లేదో చూస్తుంది. అన్నీ కలిపి ఆ చోటుకి మార్కులేస్తుంది. వేసిన మార్కులు, లెక్కలతో సహా, అప్పటికప్పుడు దేశంలోని రైలుపిచ్చోళ్లందరి ఫోన్లలోకీ వెళ్లిపోతాయి. అదే దాని గొప్పతనమని ఆయన కనపడినవాడికల్లా చెప్పుకునేవాడు.

అప్పటిదాకా ఏ చోటుకీ ఎనభై దాటలేదు. ఈ వంపుకి తొంభై ఏడెలా వచ్చింది? కారణం చూస్తే, ‘గూడ్సు బళ్లు ఇక్కడ నడక వేగానికి తగ్గుతున్నాయి’ అని ఉంది. సిగ్నల్ లేదు, స్టేషన్ లేదు, మరెందుకు తగ్గుతున్నట్టు? ఆయన బుర్ర గోక్కుంటూ ఉండగా, రైలు సిబ్బంది క్వార్టర్స్ గోడ సందులోంచి ఒక ముసలావిడ వచ్చింది. చంకలో ఏడాదిన్నర పిల్ల, చేతిలో టిఫిన్ క్యారేజీ.

"ఏటి బాబూ, ఇక్కడేటి సేస్తున్నావు?"

"రైళ్లు చూస్తున్నానమ్మా."

"రైళ్లు సూడ్డానికి మేకులెందుకూ?"

ఆయన జవాబు చెప్పేలోపే బొగ్గు బండి వంపు తిరిగింది. ఇంజను కిటికీలోంచి ఒకమ్మాయి తల బయటపెట్టింది. బండి నడిపే లోకో పైలట్ ఆవిడే. పేరు నూకరత్నం, ఈ ముసలావిడ అప్పాయమ్మకి కోడలు. బండి నడకలోకి దిగింది. అసిస్టెంటు మెట్టు మీద నిలబడి క్యారేజీ అందుకుని ఖాళీది ఇచ్చాడు. నూకరత్నం పిల్లని చూసి బుగ్గలు పూరించి వెక్కిరించింది, పిల్ల కిలకిలా నవ్వింది. అంతే, బండి మళ్లీ వేగమందుకుంది.

"నా కొడుకు ఓడ మీద పని సేస్తాడు బాబూ. ఈ కోడలేమో మూడ్రోజులకోపాలి ఇంటికొస్తాది. మద్దెలో తల్లీపిల్లకి ఈ సూపే. ఈ కోటర్సుల్లో అందరిదీ ఇదే తంతు" అంది అప్పాయమ్మ. అంతలోనే ఆవిడకి భయమేసింది. "ఎక్కడా అనకు బాబూ. పై ఆపీసరోలికి తెలిస్తే పిల్దాన్ని ఇంజను దింపేస్తారు."

"ఛఛ, నేనెందుకు చెబుతానమ్మా!"

మాట తప్పలేదు. ఇంట్లో పెళ్లానికి కూడా చెప్పలేదు. కానీ మార్కులు అప్పటికే వెళ్లిపోయాయి, వాటి వెనకే ఆ బొగ్గు బండి లెక్కా వెళ్లిపోయింది కదా! ఆ సంగతి తట్టలేదా అంటే, తట్టింది. ఒక్క బటన్ నొక్కితే చెరిగిపోయేవి కూడాను. కానీ తొంభై ఏడండీ! కొడుకు క్లాసులో ఫస్టొస్తే ఏ తండ్రికైనా ప్రోగ్రెస్ కార్డు చింపబుద్ధవుతుందా? రేపు చెరుపుదాంలే అనుకున్నాడు, ఆ రేపు రాలేదు.

ఆదివారానికల్లా వంపు తిరనాళ్లయింది. కెమెరాలు, మడతకుర్చీలు, మొక్కజొన్న పొత్తుల బండి, పిల్లాజెల్లా. ఇంత జనం ఎందుకొచ్చారని ఈ బళ్లు నడిపే తీర రైలు సంస్థ వాళ్లు ఆరా తీశారు. ముప్పై కిలోమీటర్ల వేగంతో వెళ్లాల్సిన బొగ్గు బండి ఐదులో వెళ్లినట్టు రైల్‌చూపు లెక్క వాళ్ల కంటపడింది. క్వార్టర్స్‌లో అందరూ తగ్గించేవాళ్లే, కానీ కెమెరాలో ఇంజను నంబరుతో సహా దొరికింది నూకరత్నం బండి ఒక్కటే.

ఆవిడ మీద విచారణ పెట్టారు. దానికి ముందురోజు ఆవిడ పాండురంగం ఇంటికొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఒక్క మాట చాలు సార్. వంపుల దగ్గర మీ యంత్రం ఒక్కోపాలి తికమకపడుతుందని చెప్పండి. అబద్ధమే, నాకు తెలుసు. ఆడదానికి ఇంజనెందుకన్నోళ్ల నోళ్లు మూయించి ఆ సీట్లో కూర్చున్నాను. అది పోతే నేను బతకలేను సార్."

"తప్పకుండా చెబుతానమ్మా. నావల్లే కదా వచ్చింది ఇదంతా!" అన్నాడాయన. ఆ క్షణంలో మనస్ఫూర్తిగానే అన్నాడు.

విచారణ జరిపే అధికారిణి మంచి మనిషి. ఆవిడకీ ఈ కేసు ఇష్టం లేదు. "చూడండి డాక్టర్ గారూ, మీ యంత్రం పొరపడే అవకాశం ఏమైనా ఉందా? ఉందంటే ఈ ఫైలు ఇక్కడితో మూసేస్తాను" అని దారి చూపించింది కూడా.

పాండురంగం నోరు తెరిచాడు. ఈలోగా పక్కనున్న రైలు సంస్థ ఇంజనీరు నవ్వేశాడు. "పొరపడకపోతే ఆశ్చర్యం మేడమ్. తిరనాళ్లలో అమ్మే బొమ్మలా ఉంది. దీని మాట పట్టుకుని మనిషిని శిక్షిస్తామా?"

బొమ్మా! పదకొండేళ్లు నిద్రాహారాలు మాని చేసిన యంత్రాన్ని బొమ్మంటాడా? పాండురంగానికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా యంత్రం ఎక్కడా పొరపడదు! వంపులోనైనా సరే, అర కిలోమీటరు తేడా వస్తే నేను సైన్సే వదిలేస్తాను!" అని బల్ల గుద్ది చెప్పాడు.

ఆ ఇంజనీరు తల దించుకున్నాడు. పాపం, అతను నూకరత్నాన్ని గట్టెక్కించడానికే బొమ్మన్నాడని పాండురంగానికి అప్పుడు వెలిగింది. నాలుక కరుచుకున్నాడు కానీ ఏం లాభం? నూకరత్నం ఆయన వంక ఒకసారి చూసి, కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

మర్నాడు పొద్దున్నే అధికారిణి దగ్గరికి పరిగెత్తాడు. "మేడమ్, పొరపడుతుంది. నిన్న కోపంలో అలా అనేశాను."

"నిన్న పడదన్నారు, ఇవాళ పడుతుందంటున్నారు. ఏ మాట రాసుకోమంటారు? ఆ అమ్మాయిని ఇంజను దింపమని ఆర్డరు వెళ్లిపోయిందండీ" అందావిడ.

ఆ తర్వాత ఆయనకి అన్నం సయించలేదు. నోటి దురద తీరిందా వెధవా అని అద్దంలో తననే తిట్టుకునేవాడు. సంస్థ వాళ్లు ఇకపై ఎవరూ వేగం తగ్గించడానికి వీల్లేకుండా వంపు దగ్గర కంప్యూటరే ఇంజన్లని నడిపే ఏర్పాటు చేశారు. బళ్లు రయ్యిన పోవడం మొదలెట్టాయి. వంపుకి మార్కులు నలభై ఒకటికి పడిపోయాయి. రైలుపిచ్చోళ్లు గోలపెట్టారు, ఇంతదూరం వస్తే కంటికి ఆనకుండానే పోతోందేమిటని. వచ్చే జనాన్ని పోగొట్టుకోవడం సంస్థకీ ఇష్టం లేదు. బాగా ఆలోచించి, వంపు దగ్గర గ్యాలరీ కట్టి, టికెట్టు పెట్టి, శని ఆదివారాల్లో గూడ్సు బళ్లన్నీ అక్కడ ఐదు కిలోమీటర్ల వేగంతో వెళ్లాలని ఉత్తర్వు వేశారు. లోకో పైలట్లు జనానికి చెయ్యి ఊపాలని కూడా అందులో ఉంది. దానికి ‘దర్శన వేగం’ అని పేరు.

ఎంత ముచ్చటగా ఉందో చూశారా!

పాండురంగానికి ఆ గ్యాలరీకి జీవితకాలం పాస్ పంపారు. దాన్ని చింపేద్దామనుకుని, క్షమాపణ అడగడానికైనా పనికొస్తుందని జేబులో పెట్టుకుని ఒక శనివారం వెళ్లాడు. టికెట్ల కిటికీలో నూకరత్నం కూర్చుని ఉంది. ఇంజను దింపాక సంస్థ ఆవిడకి ఇచ్చిన పని అది. పిల్ల ఒళ్లో ఉంది.

"మీరా సార్! మీకు టికెట్ అక్కర్లేదు కదా."

"నన్ను తిట్టమ్మా. నాలుగు తిట్టు" అన్నాడు.

"తిడితే ఇంజనిస్తారా సార్?" అని పిల్లని చంకనేసుకుని బయటికొచ్చింది. "రండి, బండొస్తోంది. ఇదిగో, ఈ మూల నిలబడండి. ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది."

బొగ్గు బండి వంపు తిరిగి, ఉత్తర్వు ప్రకారం నడకలోకి దిగింది. జనం చప్పట్లు కొట్టారు. కిటికీలోంచి ఎవరో మీసాలాయన చెయ్యి ఊపాడు.

చంకలో పిల్ల ఒక్కసారిగా ముందుకి వంగి, ఇంజను వైపు రెండు చేతులూ చాచి, "అమ్మా! అమ్మా!" అని కేకలు పెట్టింది.

"నానిక్కడున్నానే" అంది నూకరత్నం, పిల్ల మొహం తన వైపు తిప్పుకుంటూ. పిల్ల ఆమె చేతుల్లోంచి గింజుకుని మళ్లీ బండి వైపే తిరిగింది. బండి నెమ్మదిగా పోతూనే ఉంది, పిల్ల ఏడుస్తూనే ఉంది. పాండురంగం ఆ మూలే నిలబడి అంతా చూశాడు. ఆ చోటు నుంచి నిజంగానే బాగా కనిపించింది.