అయిదో జార్జి టోపీ

"ఈ బ్యాడ్జి చూసి ఎవడిదో చెప్పగలవా అమ్మాయ్?"

సార్జంట్ ప్రౌట్ టీ బండి మీద మసిపట్టిన టోపీ పెట్టాడు. దళానికి టీ పోసే ఐవీ చేతిలో కప్పు పక్కన పెట్టింది.

లండన్‌లో ఆ వీధి చివర, పేలకుండా భూమిలో దిగబడ్డ బాంబు పావుగంట క్రితం పేలింది. దాన్ని తీస్తున్న ఇంజనీర్ దళం కుర్రాళ్లు తలో దిక్కూ పరిగెత్తారు; ఎవరు గుంటలో ఉండిపోయారో ఇంకా లెక్క తేలలేదు. గుంటలో దిగేవాడు టోపీ అంచున పెట్టి దిగడం వాళ్ల అలవాటు. ఈ టోపీ ఆ అంచునే దొరికింది.

"లోపల రాసిన పేరు కాలిపోయింది. ఎవడిదో తెలిస్తే వాడు దిగిన మూలే ముందు తవ్విస్తాను. నీకు బ్యాడ్జిలు కంఠతా అంటారుగా!"

ఆ మాట నిజమే. ఐవీ నాన్న బ్యాడ్జిలు అచ్చువేసే కార్ఖానాలో పనిచేశాడు. నెల క్రితం ఆ దళంలోని వెర్నన్‌తో మొదటి మాటే గొడవ, అదీ బ్యాడ్జి మీదే.

"అందరి టోపీల మీదా ఇప్పటి రాజు ఆరో జార్జి అంకె, నీ టోపీ మీద అయిదో జార్జిది. ఆయన పోయి నాలుగేళ్లయింది, ఎవరూ చెప్పలేదా?" అంది ఐవీ ఆరోజు.

"మా నాన్నది. పోయిన యుద్ధంలో పెట్టుకున్నాడు. సార్జంట్‌కి చెప్పకు తల్లీ, తోలు తీస్తాడు!"

"చెప్పకపోతే ఏమిస్తావ్?"

"రోజూ వచ్చి నీ చేదు టీ తాగుతా. చాలదా?"

అన్నట్టే రోజూ వచ్చాడు. నిన్న మాత్రం నవ్వకుండా అడిగాడు. "ఆదివారం మా అమ్మని చూడ్డానికి వస్తావా?"

"చూద్దాంలే" అంది బెట్టుగా.

ఇప్పుడు ఏప్రన్ కొంగుతో మసి తుడిచింది. కిరీటం. ఆకుల దండ. మధ్యలో రాజుగారి అంకె. అక్కడిదాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది.

తుడిచింది. అయిదు.

"వెర్నన్‌ది. లాండ్రీ గోడ వైపు దిగుతానన్నాడు. తొందరగా!"

సార్జంట్ వెనకే పరిగెత్తింది. జవాన్లు పారలతో తవ్వుతుంటే ఆమె ఉత్తచేతులతో ఇటుకలు లాగింది. చూద్దాంలే అన్న తన నోటిని తిట్టుకుంటూ లాగింది.

ఎవడో బురదమనిషి వచ్చి పక్కనే తవ్వడం మొదలెట్టాడు.

"లోపల ఎవరున్నారు?" అని గట్టిగా అరిచాడు.

తలెత్తి చూసింది. వెర్నన్!

"నువ్వే!"

"ఎవరూ? చెవులు పనిచెయ్యట్లేదు! బాంబు టిక్కుమనగానే పైకెక్కి ఉరికా, టోపీ కూడా తీసుకోలా! చెప్పు, ఎవరు లోపల?"

ఐవీ భోరున ఏడ్చింది. "ఆదివారం వస్తాను" అంది.

"ఏంటీ?"

"ఆదివారం! మీ అమ్మ దగ్గరికి!"

వీధంతా వింది, అతను తప్ప. ఆమె పెదాలకేసే చూస్తూ, "ఆదివారమా?" అన్నాడు అనుమానంగా.

మట్టిచేతులతో అతని ముఖం పట్టుకుని, అతను నమ్మేదాకా తల ఊపుతూనే ఉంది.