సోఫాలో నాలుగో బొమ్మ

మా ఇంట్లో నన్ను అనుమానాల పుట్ట అంటారు. అనుకోనీండి. కూరగాయలతను అడక్కుండానే నాలుగు టమాటాలు ఎక్కువ వేస్తే, అడుగున కుళ్ళినవి ఉన్నాయేమోనని సంచి అక్కడే తిరగేస్తాను. మా ఆయన వేళకి ముందే ఇంటికొస్తే, ఏం తగలేసి వచ్చాడోనని మొహం చూస్తాను. చాలాసార్లు నా అనుమానమే నిజమైంది కూడా. అందుకే ఆ రోజు ఆయన చంకలో అట్టపెట్టె పెట్టుకుని, ఈల వేసుకుంటూ గుమ్మంలోకి రాగానే నా మనసు కీడు శంకించింది.

మా ఆయనకి పాత ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టుంది. టీవీలు, స్పీకర్లు, ముఖ్యంగా వీడియో గేమ్ కన్సోళ్ళు. వాడినవి కొని, బాగుచేసి, మళ్ళీ అమ్ముతాడు. అందులో ఆయనకో పద్ధతి ఉంది. ఏ కన్సోల్ కొన్నా కొట్లో కాసేపు నడిపి చూసి ఊరుకోడు. ఇంటికి తెచ్చి, హాల్లో పెట్టి, మా చేత రోజుల తరబడి ఆడిస్తాడు. వేడెక్కితే ఆగిపోయే జబ్బు కొట్లో బయటపడదట, సంసారంలో పెట్టి చూస్తేనే పడుతుందట. కొత్త కోడలా ఏంటి అది, సంసారంలో పెట్టి చూడ్డానికి?

"దీని దర్జా చూడు," అన్నాడు పెట్టె విప్పుతూ. నల్లగా, నున్నగా, పుస్తకాల బొత్తంత ఉంది. "బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుందంటే, గడ్డిపోచ కూడా కనిపిస్తుంది. పాత డిస్కులు కూడా ఆడుతుంది. సినిమాలు చూసుకోవచ్చు. కంట్రోలర్ చేతిలో అదురుతుంది, దాన్లోనే చిన్న స్పీకర్ కూడా ఉంది. అన్నిటికంటే గొప్పది ఈ కెమెరా. టీవీ మీద పెడితే చాలు, ఎదురుగా కూర్చున్నవాళ్ళని గుర్తుపట్టి, ఎవరి ఆట వాళ్ళకి తెరుస్తుంది."

"ఇంత గొప్పదాన్ని అమ్ముకున్న మహానుభావులెవరో?"

ఆయన ఈల ఆగిపోయింది. "ఎవరో ఒకావిడ. బేరం కూడా ఆడలేదు."

బేరం ఆడకుండా అమ్మే మనిషిని నేనింతవరకు చూడలేదు. తవ్వితే మిగతాది బయటికొచ్చింది. ఇలాంటి కెమెరా కన్సోల్లో పాత ఆటగాళ్ళని తుడిచెయ్యాలంటే, ఆ మనిషే కెమెరా ముందు కూర్చోవాలట. అందుకని కొట్లో అమ్మేవాళ్ళని ఒక కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళ ఎదుటే తుడిచేస్తారు. ఆవిడ కూర్చోనందట. కుర్చీ వంక చూడను కూడా చూడలేదట. "మీరే ఏదో ఒకటి చేసుకోండి," అని డబ్బు లెక్కపెట్టుకోకుండానే వెళ్ళిపోయిందట.

"దొంగ సరుకేమో," అన్నాను.

"అబ్బా, మొదలెట్టావా!"

ఈలోగా మా అమ్మాయి లోపల్నించి పరిగెత్తుకొచ్చింది. దాన్ని మేము గిలక్కాయ అంటాం. ఎనిమిదేళ్ళ పిల్ల. నిద్రలో తప్ప దాని నోరు మూతపడదు, నిద్రలో కూడా సగమే. "నాన్నా ఇది మనదా, అమ్మేస్తావా, అమ్మేలోపు ఎన్ని ఆటలాడొచ్చు, మొదట నేనా, అమ్మ ఆడదు కదా," అంటూ ఆయన భుజమెక్కింది. మాకున్నది ఇదొక్కత్తే. దాని వాగుడుకి తలనొప్పి వస్తుంది, అది బడికెళ్ళాక ఇల్లు భరించలేను.

కెమెరా ముందు ముగ్గుర్నీ సోఫాలో కూర్చోబెట్టి ఆయన పేర్లు కొట్టాడు. తనకి 'బాస్' అని, నాకు 'హోం మినిస్టర్' అని, పిల్లకి 'గిలక్కాయ' అని. టీవీలో మా ముగ్గురి ఆకారాలూ నీలం రంగులో, మొహం లేని నీడబొమ్మల్లా కనిపించాయి. నేను చెయ్యెత్తితే నా బొమ్మ చెయ్యెత్తింది. గిలక్కాయ నాలుక బయటపెట్టి, అది కనబడలేదని అలిగింది.

బొమ్మలు మూడు కాదు. నాలుగు.

సోఫా చివర, పిల్ల పక్కన, ఇంకో చిన్న బొమ్మ ఉంది. దాని పక్కన పేరు లేదు.

"దిండుని మనిషనుకుంది," అన్నాడాయన.

నేను లేచి దిండు తీసేశాను. బొమ్మ పోలేదు. కాళ్ళు నేలకి అందక, మెల్లగా ఊగుతున్నాయి.

"లెన్సుకి మరకేదో ఉంటుంది," అన్నాడాయన, ఈసారి కాస్త నెమ్మదిగా. ఆవిడ తుడవకుండా వదిలేసిన పాత ఆటగాడెవరో ఇంకా మెమరీలో ఉన్నాడేమో అని కూడా అన్నాడు. ఆయనన్న రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు. నేను గట్టిగా అడగబోయేసరికి ఆట మొదలైపోయింది.

తర్వాత నాలుగైదు రోజులు నేను అందర్నీ అనుమానించాను. మధ్యాహ్నం నేను వంటింట్లో ఉంటే హాల్లో కన్సోల్ దానంతటదే వెలిగేది. ముందు గిలక్కాయని పట్టుకున్నాను. బడికి సెలవులు, అది కాక ఇంకెవరు? "ఒట్టు, నేను కాదమ్మా," అంది. తర్వాత మా ఆయన్ని అనుమానించాను. కొట్లోంచి ఫోన్‌తో ఏదో నొక్కి నన్ను ఆటపట్టిస్తున్నాడేమోనని నిలదీస్తే, "నాకంత తీరికెక్కడిదే తల్లీ," అని దణ్ణం పెట్టాడు. ఆఖరికి పక్కవాటా పిల్లాడు కిటికీలోంచి రిమోట్ నొక్కుతున్నాడేమోనని కిటికీ తలుపులు మూసి, తెర కూడా లాగేశాను.

ఆ తెర లాగిన రోజే జరిగింది.

బయట పొద్దుటి నుంచీ ముసురు. హాల్లో టీవీ వెలుగు తప్ప ఇంకే వెలుగూ లేదు. తడి బట్టలు లోపల ఆరేయడం వల్ల ఇల్లంతా ముక్కవాసన. వంటింట్లో పళ్ళెం తుడుస్తూ గిలక్కాయ మాటలు వింటున్నాను. ఎప్పటిలాగే తనలో తాను వాగుతోంది అనుకున్నాను. కానీ మధ్యమధ్య ఆగుతోంది. ఎవరో జవాబు చెబుతుంటే వింటున్నట్టు ఆగుతోంది.

పళ్ళెం చేతిలోనే ఉంది. వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

పిల్ల సోఫాలో ఒక చివర, చేతులు కట్టుకుని కూర్చుంది. కంట్రోలర్ దాని చేతిలో లేదు. పక్కన దిండు మీద ఉంది. టీవీలో కారు మలుపులు తిరుగుతూ దూసుకుపోతోంది.

టిక్... టిక్ టిక్... టిక్...

కంట్రోలర్ మీద బటన్లు వాటంతటవే దిగి, లేస్తున్నాయి.

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అన్నాను.

"ష్... దాని వంతమ్మా," గుసగుసగా అంది గిలక్కాయ. "నా వంతు అయిపోయింది."

"దేని వంతు?"

"ఇదిగో, దీనిది." పక్కన ఖాళీగా ఉన్న చోటు చూపించింది. "పాపం దానికి విసుగొచ్చేసిందట అమ్మా. లోపలే కూర్చుని కూర్చుని. కాసేపు నన్ను దాని చోట్లో కూర్చోమంటోంది. అది బయట ఆడుకుంటుందట."

"నువ్వేమన్నావు?"

"అమ్మనడిగి చెప్తానన్నా."

టీవీలో కారు ఆగింది. దిండు మీద చప్పుడూ ఆగింది. నాకు మాత్రం ఆ ఖాళీ చోటు నా వైపు తిరిగినట్టనిపించింది. నా జవాబు కోసం చూస్తున్నట్టు.

పిల్లని రెక్క పట్టుకుని లాక్కొచ్చి వంటింట్లోంచి ఆయనకి ఫోన్ చేశాను. ప్లగ్గు పీకి బయట పారేస్తానన్నాను. "పీకితే మెమరీలో అలాగే ఉంటుంది," అన్నాడాయన. ఆయన గొంతులో వెటకారం లేదు, దాంతో నాకింకా భయమేసింది. "నేను బయల్దేరుతున్నా. వానలో ఎంతసేపు పడుతుందో. నువ్వు ఈలోపు తుడిచెయ్యి. సెట్టింగ్స్‌లో 'ఎదుట ఉన్న ఆటగాణ్ణి తొలగించు' అని ఉంటుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో. తీసెయ్యాల్సిన మనిషి తప్ప ఇంకెవరూ కెమెరాకి కనబడకూడదు."

ఎవరిని తీసెయ్యాలో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

గిలక్కాయని పడగ్గదిలోకి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టాను. "నేను పిలిచేదాకా ఇక్కడే కూర్చో. బయటికి రాకు. వింటున్నావా?"

"మరి దానికేం చెప్పను?"

"ఏం చెప్పకు. నోరు మూసుకుని కూర్చో." ఆ మాట కసిరినట్టే అన్నాను. అది మొహం చిన్నబుచ్చుకుంది. ఇప్పటికీ ఆ మొహం నా కళ్ళముందే ఉంది.

తలుపు దగ్గరగా వేసి వచ్చి, టీవీ పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. అక్కడైతే కెమెరాకి నేను కనబడను. కంట్రోలర్ చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది, అప్పుడే ఎవరో వదిలినట్టు. నొక్కుకుంటూ వెళ్ళాను.

తెర మీద ఖాళీ సోఫా. కాసేపు ఏమీ లేదు...

పడగ్గది తలుపు కిర్రుమంది. గాలికేమో అనుకున్నాను. తల తిప్పలేదు. తిప్పుంటే బాగుండేది.

సోఫాలో చిన్న నీలం బొమ్మ కనిపించింది. మధ్యలో కూర్చుంది. కాళ్ళు ఊపడం లేదు. అటూ ఇటూ చూస్తోంది, ఎక్కడికొచ్చానో తెలియనట్టు.

'ఈ ఆటగాణ్ణి తొలగించాలా?'

బొమ్మ లేచి నిలబడింది. కెమెరా వైపు వస్తోంది... పెద్దదవుతోంది... రెండు చేతులూ ముందుకి చాపింది...

నొక్కేశాను.

నొక్కాక, బొమ్మ చెదిరిపోతుండగా, దాని పక్కన పేరు వెలిగింది. రెప్పపాటు. 'గిలక్కాయ'.

పడగ్గదిలోకి ఎలా పరిగెత్తానో నాకు తెలీదు. మంచం మీద పిల్ల ఉంది. నేను కూర్చోబెట్టిన చోటే, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బుద్ధిగా కూర్చునుంది. గట్టిగా వాటేసుకున్నాను. ఒళ్ళు వెచ్చగానే ఉంది. జుట్టుకి దాని నూనె వాసనే. నా తల్లే, నా బంగారమే అంటూ ఏడ్చేశాను.

"అయిపోయిందా అమ్మా?" అంది.

ఆ ఒక్క మాటే అంది. ఇంకేం అడగలేదు. అదేమైంది, ఎటు పోయింది, తెర మీద ఎలా కనబడింది, నేనెందుకు ఏడుస్తున్నాను... ఒక్క ప్రశ్న కూడా లేదు. ఏడుస్తున్నదాన్ని ఆగి, దాని మొహంలోకి చూశాను. నా అనుమానం నాది. చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చి, సోఫాలో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.

తెర మీద ఒక్క బొమ్మే వచ్చింది. 'హోం మినిస్టర్'. నా బొమ్మ చెయ్యి పక్కకి చాచి ఉంది. ఆ చెయ్యి పట్టుకున్నవాళ్ళెవరూ తెర మీద లేరు.

అప్పుడు ఒళ్ళో ఉన్న కంట్రోలర్ అదిరింది. దాన్లోని చిన్న స్పీకర్‌లోంచి, చాలా దూరాన్నించి వచ్చినట్టు...

"అమ్మా... ఇంకా పిలవలేదేం?"

పక్కనున్న పిల్ల నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఆయనొచ్చి అంతా విన్నాడు. కంట్రోలర్ చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. ఏమీ వినబడలేదన్నాడు. పిల్లని ఎత్తుకుని, "ఇదిగో నీ కూతురు, లక్షణంగా ఉంది, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు. పేరు తప్పు పడ్డం మామూలేనట, కెమెరా పిల్లని మళ్ళీ గుర్తుపట్టకపోవడం కూడా మామూలేనట. చెబుతున్నంతసేపూ ఆయన సోఫాలో కూర్చోలేదు.

ఆ రోజు నుంచీ కన్సోల్ నేను ఆపనివ్వలేదు. రాత్రీ పగలూ లోపలి ఫ్యాన్ గుర్రుమంటూనే ఉంటుంది. దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను. కొత్త మోడల్ వస్తోందనీ, అది వస్తే దీని మొహం ఎవడూ చూడడనీ, విలువున్నప్పుడే వదిలించుకోవాలనీ ఆయన పోరుతూనే ఉన్నాడు. విలువట! మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక కంట్రోలర్ చెవికి ఆనించుకుని కూర్చుంటాను. "ఇక్కడే ఉన్నానమ్మా, ఎక్కడికీ పోలేదు," అని చెబుతాను. "వచ్చెయ్యవే" అని ఎన్నిసార్లు పిలిచానో. పిలుపు దానికి అందడం లేదు. మొదట్లో అదెంత వాగేదని! ఇప్పుడు ఎప్పుడో ఒక మాట వస్తుంది. "చీకటిగా ఉందమ్మా" అనో, "ఆకలెయ్యట్లేదు" అనో.

ఇంట్లో ఉన్న పిల్లకి మూడు పూటలా అన్నం పెడుతున్నాను. జడ వేస్తున్నాను. బళ్ళో పంతులమ్మ తెగ మెచ్చుకుంటోంది, ఎంత నెమ్మదస్తురాలైపోయిందో అని. ఆటల ఊసే ఎత్తదు. నేను కంట్రోలర్‌తో మాట్లాడుతుంటే మాత్రం గుమ్మంలో నిలబడి చూస్తుంది.

ఈ ఉదయం తలుపు కొట్టిన చప్పుడైతే తీశాను. ఎవరో తండ్రి, తన చిన్న కూతురి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. పండగొచ్చినంత సంబరంగా ఉంది ఆ పిల్ల మొహం.

"కన్సోల్ కోసం వచ్చామండీ," అన్నాడు. "మీ అమ్మాయే ఫోన్ చేసింది."

"మేం అమ్మడం లేదు," అన్నాను.

"అదేంటండీ? మెమరీ మొత్తం తనే తుడిచేసి రెడీగా ఉంచుతానందే!"

నా వెనక, హాల్లో, ఫ్యాన్ చప్పుడు ఆగిపోయింది.