కోట గోడ వెనక ఖాళీ బస్సు

పటాలాయన బుద్ధెరిగాక ఎవర్నీ దారి అడిగి ఎరగడు. పరాయివాళ్ళ పనికి అడ్డం తగలకూడదన్న మర్యాద తనకి పుట్టుకతోనే అబ్బిందని ఆయన ఉద్దేశం. సర్వే ఆఫీసులో ఇరవయ్యేళ్ళుగా పటాలు గీస్తున్న మనిషి, ఇంకొకణ్ణి అడగడమేమిటి?

అలాంటివాడు పోయి పోయి పాతకోట స్టాపులో ఇరుక్కున్నాడు.

ఆ స్టాపుకి మంచి పేరు లేదు. సగం కూలిన కోట గోడ, దాని ముందు రేకుల షెల్టరు, చుట్టూ పొదలు. చీకటి పడ్డాక అక్కడుంటే గోడ వెనక ఒక బస్సు కనిపిస్తుందట. రావడం ఎవరికీ వినపడదు. దీపాలుండవు. లోపల తెల్లగా ఏదో లేస్తుంది... ఊగుతుంది... కూలబడుతుంది.

జంక్షన్ లాడ్జి మేనేజరు గది తాళం చేతిలో పెడుతూ చెప్పాడీ సంగతి. "అందుకే సార్, కోట చూసేవాళ్ళంతా మా దగ్గరే దిగుతారు" అని కూడా చెప్పాడు.

పటాలాయన పెదవి విరిచాడు. ఆయన జంక్షన్లో దిగింది దెయ్యాలకి జడిసి కాదు. పటంలో బస్సు గీతలన్నీ అక్కడే కలిశాయి గనక దిగాడు.

"కోట పక్కన పల్లె ఉందిట. రెండు గదులు అద్దెకిస్తారట. అక్కడే దిగితే పోలా, బాబూ?" అన్నారు మామగారు, బయలుదేరేముందే.

"ఆ పల్లెకి పటంలో చుక్క కూడా లేదు మామయ్యగారూ" అన్నాడు పటాలాయన. చుక్క లేని ఊళ్ళో మనుషులు బతకడమే ఆయనకి నచ్చదు.

నిజానికి ఈ ప్రయాణమంతా మామగారి కోసం. రిటైరైన డ్రాయింగు మాస్టారు. చూపు మసకబారుతోంది. వచ్చే ఏడాదికి వెలుగేదో చీకటేదో తెలిస్తే గొప్పని డాక్టరు తేల్చేశాడు. ఈలోగా ఆ కోట గోడ మీద చెక్కిన గుర్రాల వరస ఒక్కసారి చూసి బొమ్మ గీసుకోవాలని ఆయన కోరిక. ఆ గుర్రాలు అరిగి అరిగి రాతిలో కలిసిపోయాయి. పొద్దున్నే ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడ్డప్పుడు, ఓ పది నిమిషాలు మాత్రం పైకి తేలతాయి.

జంక్షన్ నుంచి మొదటి బస్సు కోటకి చేరేది పదింటికి. అప్పటికి ఎండ బాగా పైకెక్కుతుంది, గోడ ఉత్త గోడ. రెండు రోజులూ మామగారు రాయిని వేళ్ళతో తడిమి, తెల్లకాగితాలు తెల్లగానే సంచీలో పెట్టుకుని తిరిగొచ్చారు. మూడోరోజూ అంతే. మర్నాడు మధ్యాహ్నం రైలు.

ఆ సాయంత్రం అయిదున్నర బస్సు వచ్చింది. మామగారు లేచారు.

"ఆ గుంపులో మనం ఎక్కేదేమిటి? ఏడూ నలభైకి ఇంకోటుంది" అని నోటుబుక్కు తీశాడు పటాలాయన. జంక్షన్ బోర్డు మీద చూసి రాసుకున్నదే.

బస్సెక్కుతున్న గడ్డిమోపావిడ ఒకతె వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయింది. ఆయన మొహం చూసి మానుకుంది.

ఏడున్నరైంది. ఏడూ నలభై... ఎనిమిది. పటాలాయన కళ్ళు మూసుకుని ఆలోచించాడు. ఆ ఆలోచనలో కాస్త గురక కూడా కలిసిందని తరవాత మామగారు అన్నారుగానీ, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

కళ్ళు తెరిచేసరికి — గోడ వెనక బస్సు.

దీపాల్లేవు. చప్పుడు లేదు. ఎప్పుడొచ్చిందో తెలీదు. గుడ్డి వెన్నెల్లో కిటికీలు నల్లగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. లోపల తెల్లగా ఏదో లేచింది... కప్పు దాకా ఉబ్బింది... మెల్లగా కూలబడింది.

పటాలాయన షెల్టరు మూలకి జరిగాడు.

లోపల్నుంచి గుసగుస. "మెడ దగ్గర కాదు... కాళ్ళ దగ్గర లాగు... ముడి గట్టిగా..."

ఆయన మామగారి చెయ్యి పట్టుకున్నాడు. పెద్దాయన పడిపోకుండా పట్టుకున్నానని ఆయన వాదన. ఆ చెయ్యి మాత్రం విడిపించుకుని ముందుకెళ్ళింది. మసక కళ్ళకి తెల్లదీ కనపడలేదు, నల్లదీ కనపడలేదు. బస్సు ఆకారం మాత్రం తెలిసింది. బస్సు కనపడితే ఎవరైనా చేసే పనే ఆయనా చేశారు.

"నాయనా, ఈ బస్సు ఎక్కడికి వెళ్తుంది?"

గుసగుస ఆగింది.

"ఎక్కడికీ పోదు పెద్దాయనా. పడుకుంది."

టార్చి వెలిగింది. సీట్ల మధ్య దారిలో తెల్లటి దోమతెర. దాని నాలుగు కొసలూ సీట్ల కమ్ములకి కడుతూ డ్రైవరూ, కండక్టరూ.

రోజూ ఆఖరి బస్సు పల్లెకి వెళ్ళి, అక్కడివాళ్ళని దింపి, రాత్రికి ఇక్కడ ఆగి, పొద్దున్న తిరిగి వెళ్తుందిట. డీజిలు కలిసొస్తుందని డ్రైవరు పల్లె నుంచి వాలులో ఇంజను ఆపేసి బండిని చప్పుడు లేకుండా వదిలేస్తాడట. ఏడూ నలభై అంటే పల్లెకి వచ్చే టైము. ఇక్కణ్ణుంచి పోయేది కాదు.

"ఎక్కడ దిగారు?" అన్నాడు కండక్టరు.

"జంక్షన్లో."

కండక్టరు డ్రైవరు వంక చూశాడు. డ్రైవరు దోమతెర వంక చూశాడు.

"కోట చూడ్డానికొచ్చి జంక్షన్లోనా? బస్సు రాత్రి ఎక్కడుంటే అక్కడ దిగాలి గదండీ. ఎవర్నీ అడగలేదా?"

"మా అల్లుడికి మొహమాటం" అన్నారు మామగారు.

ఆ రాత్రి వెనక సీట్లలో పడుకున్నారు. తెల్లారుతుండగా కండక్టరే లేపాడు. ఎండ పక్కనుంచి గోడ మీదికి పాకింది. రాతిలోంచి ముందు ఒక చెవి... ఒక జూలు... ఎత్తిన కాలు. మామగారు ముక్కు గోడకి తగిలేంత దగ్గరగా నుంచుని గీశారు. పదకొండు గుర్రాలు. పన్నెండోదాని మెడ దాకా వచ్చేసరికి ఎండ పైకెక్కింది, గోడ మళ్ళీ గోడైపోయింది. అయిదు నిమిషాలు ఆలస్యంగా బస్సు కదిలింది. పెద్దాయన ఎక్కి కూచున్నాకే కండక్టరు బెల్లు కొట్టాడు.

ఈ ప్రయాణాన్ని అలా కుదిర్చింది తన ప్లానేనని పటాలాయన ఇంట్లో చెప్పుకున్నాడు. భార్య నాన్న వంక చూసింది. ఆయన బొమ్మ వంక చూసుకుంటున్నారు.

మొన్న ఇంకో కోటకి వెళ్దామని పటం పరిచాడు. ఎర్ర పెన్సిలు తిరిగి తిరిగి మళ్ళీ ఒక జంక్షన్ చుట్టూ సున్నా చుట్టింది. ఆ కోటకెళ్ళే బస్సు రాత్రిపూట ఎక్కడుంటుందో ఆయనకి తెలీదు. ఒక్క ఫోను చేస్తే తెలుస్తుంది. దెయ్యాలంటే ఇప్పుడు భయం లేదు గానీ, అడగడం మాత్రం ఆయనకింకా రాలేదు.