అవతలి ఒడ్డు జవాబు

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో మంచు కప్పిన చిన్న ఊరు. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. పెర్రీన్ పొయ్యి మీది ఉల్లిపాయల సూప్ దించి అన్న ముందు పెట్టింది.

"తినండి, బారన్ గారూ! పీపాలు చేసేవాడి కొడుకుకి ఇది కంటికి ఆనడం లేదా?"

జనరల్ ఒనొరే వల్దన్ నవ్వలేదు. మనుషులంతా సమానమని అరుస్తూ, చెక్కజోళ్లతో సైన్యంలో చేరినవాడు. సింహాసనాలు కూల్చడానికి బయల్దేరి, ఇటలీలో కెప్టెన్ అయ్యాడు, స్పెయిన్‌లో జనరల్ అయ్యాడు, చివరికి ఒక చక్రవర్తి ముందు మోకరిల్లి బారన్ బిరుదు అందుకున్నాడు. అతను ఎక్కిన ప్రతి మెట్టు కిందా పేదవాళ్ల బిడ్డలే ఉన్నారు. ఇప్పుడు ఆ చక్రవర్తీ లేడు. సగం జీతం, సగం నిద్ర మిగిలాయి.

"మా అబ్బాయి అన్సెల్మ్ సంగతి ఏమన్నా తెలిసిందా అన్నయ్యా?"

"రష్యాలో తప్పిపోయినవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు కదే. వస్తాడు."

రోజూ అదే ప్రశ్న, రోజూ అదే అబద్ధం. అన్సెల్మ్ తప్పిపోలేదు. రష్యా నుంచి వెనక్కి వచ్చేటప్పుడు శత్రువు తరుముతుంటే, జనరల్ నది దాటేశాడు. వెనకబడ్డ అతని సైనికులు అవతలి ఒడ్డు చీకట్లో ఉండిపోయారు. ఇవతలి ఒడ్డున కాపలావాళ్లు "ఎవరక్కడ?" అని అరిచారు. "ఫ్రాన్స్!" అన్నాయి వందల గొంతులు. అందులో ఒకటి మేనల్లుడిది. ఆ జవాబు వినగానే "ముందుకు రండి" అనడం సైన్యంలో రివాజు. జనరల్ ఆ మాట అననివ్వలేదు. వంతెనకు నిప్పు పెట్టించాడు.

తలుపు మీద ఏదో తట్టింది. మెల్లగా.

"ఎవరక్కడ?" అన్నాడు జనరల్, తల ఎత్తకుండానే.

"ఫ్రాన్స్…"

నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టుంది ఆ గొంతు. కానీ ఒంట్లో ఇంకిపోయిన అలవాటు ఆలోచన కోసం ఆగదు.

"ముందుకు రండి!"

అన్నాక తెలిసింది, తనేమన్నాడో.

పెర్రీన్ అప్పటికే తలుపు బార్లా తీసింది. వాకిట్లో మంచు నున్నగా ఉంది. ఒక్క అడుగు కూడా పడలేదు. పొయ్యిలో మంట చప్పున ఆరిపోయింది. తడిసిన ఉన్ని వాసన… కాలిన తారు వాసన… గడప దగ్గర చెక్క కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది. మళ్లీ… ఆగడం లేదు.

"తలుపు మూయవే…" గుసగుసగా అన్నాడు.

"మూస్తే మావాడు ఎలా వస్తాడు?"

ఆమె చెయ్యి చాచింది. ఒక్కో కిర్రుకీ అడిగింది. "నువ్వేనా నాన్నా? … నువ్వేనా?"

చివరికి ఆమె వేళ్లు ఏదో చేతిని పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. మొహం వెలిగిపోయింది.

"వచ్చాడన్నయ్యా… మంచుగడ్డలా ఉన్నాడు. పొయ్యి రాజెయ్యి… వణికిపోతున్నాడు."

ఇప్పుడైనా నిజం చెప్పాలని నోరు తెరిచాడు. గుమ్మంలోని మసక వెలుతురులో ఆమె చెయ్యి కనిపించింది. దాని చుట్టూ ఏమీ లేదు. చర్మం మాత్రం లోపలికి నొక్కుకుపోయి ఉంది.

అన్సెల్మ్ దర్జీ పని చేసేవాడు. వాడి వేళ్లు పుల్లల్లా ఉండేవి.

ఆమె చేతి మీద దిగుతున్న వేళ్ల అచ్చులు లావుగా, మొద్దుగా ఉన్నాయి. అవి మెల్లగా మోచేతి వైపు పాకుతున్నాయి.

జనరల్ నోరు మూసుకున్నాడు.



"మాట్లాడు నాన్నా…" అంటోంది పెర్రీన్.