చున్‌యాన్‌కు మూడు ఆజ్ఞలు

లిన్ జియావే చావడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

జూలై మొదటి వారం, మధ్యాహ్నం ఒకటిన్నర. కువైట్‌లోని ఎగైలాలో ఒక మాల్ వెనక పార్కింగ్. బయట యాభై ఒక్క డిగ్రీలు. తాను తయారు చేసిన కారులో తానే కూర్చుని ఉన్నాడు. తలుపులు వాటంతటవే లాక్ పడ్డాయి. ఏసీ వేడిగాలి కొట్టింది. అతను అద్దాలు గుద్దాడు, హారన్ నొక్కాడు. హారన్ పలకలేదు. ఆ ఎండకు చుట్టుపక్కల నరమానవుడు లేడు. డాక్టరు వడదెబ్బ అని రాశాడు. కువైట్‌లో జూలైలో ఆ మాట రాస్తే రెండో ప్రశ్న ఎవరూ వెయ్యరు.

మూడో రోజు ఢిల్లీలో బ్రీఫింగ్. డైరెక్టర్ వెంకటసత్యనారాయణది కోనసీమ. పాతికేళ్లుగా ఢిల్లీలో ఉంటున్నా యాస పోలేదు, జాలి మాత్రం ఎప్పుడో పోయింది. ఎదురుగా ఏజెంట్ నాగేంద్రప్రసాద్. స్క్రీన్ మీద ఒక బుల్లి కారు.

కారు పేరు చున్‌యాన్. దక్షిణ చైనాలో ఒక కంపెనీ నాలుగేళ్లు కష్టపడి తయారు చేసిన ఎలక్ట్రిక్ సిటీ కారు. ధర మన డబ్బుల్లో నాలుగు లక్షలు. ఆ ధరకు తేవడానికి ప్రతి బోల్టు దగ్గరా గొడవపడ్డారు. రెండు వైపర్లలో ఒకటి తీసేశారు. స్టెప్నీ తీసేశారు. బ్యాటరీని చల్లబరిచే నీళ్ల గొట్టాలు పీకేసి ఒక ఫ్యాన్ పెట్టారు. మిగతా కార్లలో బ్యాటరీకి ఒకటి, ఏసీకి ఒకటి, తలుపులకు ఒకటి కంప్యూటర్లుంటే దీనిలో అన్నింటికీ ఒకటే. ఆ ఐడియా లిన్‌దే. ఎండ పరీక్షల కోసం రెండు కార్లు కువైట్‌కు తెచ్చిందీ అతనే.

ఆ ఒక్క కంప్యూటర్‌లోనే దూరాడు హాల్డెన్. ఏ దేశం వాడో ఎవరికీ తెలియదు, ఏ దేశానికైనా అమ్ముతాడు. చైనా కంపెనీలో ఎవడినో కొనేసి సాఫ్ట్‌వేర్‌లో మూడు రహస్య ఆజ్ఞలు పెట్టించాడు. మొదటిదానికి తలుపులు లాక్ పడతాయి. రెండోదానికి ఫ్యాన్ ఆగి ఏసీ వేడి కక్కుతుంది. మూడోదానికి బ్యాటరీ అంటుకుంటుంది. లిన్ కనిపెట్టాడు. ఢిల్లీకి ఫోన్ చేశాడు. మర్నాడు పోయాడు.

జనవరి నుంచి నలభై వేల చున్‌యాన్‌లు మన నగరాల్లో ట్యాక్సీలుగా దిగబోతున్నాయి.

“మూడు ఆజ్ఞలకీ డిజిటల్ కీ ఒకటేనయ్యా,” అన్నాడు డైరెక్టర్. “రెండో ఆజ్ఞ నడిచేటప్పుడు అది ముక్కలు ముక్కలుగా గాల్లోకి వస్తది. మొత్తం పట్టడానికి ఆరు నిమిషాలు. అది దొరికితే ఆజ్ఞలు మనమే ఇవ్వొచ్చు, వాడివి కొట్టెయ్యొచ్చు. కొనేవాళ్ల ముందు హాల్డెన్ డెమో ఇస్తాడు. అదొక్కటే మనకి ఛాన్సు. ఆరు నిమిషాలు నిండకుండా నువ్వు కదలకూడదు.”

“అక్కడ మనవాళ్లు?”

“ఫర్హానా. మన మనిషే. నమ్మకు.”

నాగేంద్రప్రసాద్ ఏసీ మెకానిక్ వేషంలో దిగాడు. ఫర్వానియాలో ఎనిమిది మంది పడుకునే గదిలో ఒక మంచం, నూనె మరకల యూనిఫాం, అక్కడ ఉండడానికి కొత్త ఇఖామా కార్డు. మర్నాడు బ్నీద్ అల్ గార్‌లో ఒక కాఫీ షాపుకు ఫర్హానా వచ్చింది. నల్లద్దాలు, ఎర్ర గోళ్లు. నవ్వితే పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు. పుట్టింది హైదరాబాదు, పెరిగింది కువైట్. హాల్డెన్‌తో కలిసి ఎగైలా విల్లాలో ఉంటోంది.

“మీ ఊళ్లో మామిడికాయలు అయిపోయినయా?” అంది. అది కోడ్.

“టెంక మిగిలింది,” అన్నాడు.

డెమో శనివారం అనీ, జహ్రా రోడ్డు అవతల ఎడారిలో అనీ చెప్పింది. అతను తల ఊపాడు. ఆ సాయంత్రమే, ఫర్హానా ఇంట్లో లేని వేళ చూసి, ఏసీ సర్వీస్ పేరుతో విల్లాకు పోయి పనిమనిషిని పలకరించాడు.

ఆమె పేరు పోలేరమ్మ. రాయచోటి దగ్గర పల్లె. వయసు నలభై దాటింది. కాంట్రాక్టు అయిపోయి ఎనిమిది నెలలైనా పాస్‌పోర్టు ఫర్హానా బీరువాలోనే ఉంది. నాగేంద్రప్రసాద్ పుట్టిందీ ఆ చుట్టుపక్కలే. యాస బయటికి తీసి మాట్లాడాడు. ఆమె అతని చేతుల వైపు చూసింది.

“మాట మాదే గానీ సేతులు మావి కావన్నా. ఏం కావాల నీకు?”

అతను చెప్పాడు. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. ప్రదర్శన శనివారం కాదంది. బేస్తవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఈ విల్లా పెరట్లోనే. చైనా కార్లు రెండూ ఇక్కడే ఉన్నాయి. ముగ్గురు అతిథులకు గ్లాసులు తియ్యమన్నారు. కారులో పెట్టడానికి ఒక గొర్రెను తెచ్చి కట్టేశారు. దానికి మేత వేసేదీ తనేనంది.

పాస్‌పోర్టు ఇప్పించి విమానం ఎక్కిస్తానన్నాడు నాగేంద్రప్రసాద్.

“నా ఇంట్లో మా మరిది గొడ్లు కట్టేసినాడంట. పొయ్యి వాటిని తోలితే సాలు నాకు,” అంది పోలేరమ్మ. “ఏం జెయ్యాల?”

అగ్గిపెట్టెంత రిసీవర్ ఆమె చేతిలో పెట్టాడు. కారు కడిగే నెపంతో చక్రం పైన రేకు లోపల అంటించాలి. ఆ వేడికి అది అరగంటకు మించి పనిచెయ్యదు. అందుకని సరిగ్గా పన్నెండుంబావుకు అంటించాలి.

పోలేరమ్మ వెంటనే వద్దంది. కారు తెల్లారి అయిదుకు కడుగుతారు, మిట్టమధ్యాహ్నం ఇక్కడ ఎవరూ కడగరు, ఇంకేదన్నా పని చెప్పమంది. ఢిల్లీలో ఖాయమైన ప్లాను మార్చడం కుదరదన్నాడు. ఆమె అతని మొహం ఒకసారి చూసి రిసీవర్ రవికెలో దోపుకుంది.

గురువారం పన్నెండు గంటలకు అతను విల్లా మేడ మీద ఉన్నాడు. కువైట్‌లో ఏసీ మెషీన్లూ నీళ్ల ట్యాంకులూ మేడల మీదే ఉంటాయి. అక్కడ మెకానిక్‌ను ఎవరూ పట్టించుకోరు. పిట్టగోడ సందులోంచి పెరడంతా కనిపిస్తోంది. రెండు చున్‌యాన్‌లు, ఒకటి తెల్లది, ఒకటి పసుపుది. నీడన గొర్రె. అద్దాల గదిలో హాల్డెన్, ముగ్గురు కొనుగోలుదారులు, చల్లటి నిమ్మరసం.

పోలేరమ్మ బకెట్‌తో బయటికి వచ్చింది. తెల్ల కారు పక్కన కూర్చుని చక్రం తుడిచింది. అతని ఫోన్‌లో పచ్చ చుక్క వెలిగింది. రిసీవర్ అతుక్కుంది.

మొహం కడుక్కుందామని అతను ట్యాంకు కింది కుళాయి తిప్పాడు. నీళ్లు అరచేతిలో పడగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చర్మం ఎర్రగా కమిలింది. రోజంతా ఎండలో కాగే ట్యాంకు నీళ్లు. ఈ దేశంలో జూలైలో పట్టపగలు ఆ నీళ్లలో ఎవరూ చెయ్యి పెట్టరు. కువైట్‌లో పెరిగిన ఏ ఆడదైనా కిటికీలోంచి చూసి ఇది పని కాదని పోల్చుకుంటుంది.

కింద ఫర్హానా అప్పటికే మెట్లు దిగుతోంది.

ఆమె అరవలేదు. బకెట్ బోర్లించి చూసింది. పోలేరమ్మ చేతులు తిప్పి చూసింది, రవికె తడిమింది. ఏమీ దొరకలేదు.

“ఈ టైంల కార్ కడగమని ఎవరు చెప్పిన్రు?”

“ఎవురూ సెప్పలే మామా. దుమ్ము పట్టిండాదని నేనే.” అక్కడ పనివాళ్లు ఇంటి యజమానురాలిని ‘మామా’ అనే పిలుస్తారు.

“ఎవరు?”

“నేనే మామా.”

ఆ మాట నాగేంద్రప్రసాద్‌కు మేడ మీదికి వినిపించింది.

ఫర్హానా నవ్వి కారు తలుపు తెరిచింది. “అట్లనా. అయితే లోపల కూడా తుడువు.”

పోలేరమ్మ ఒక్క క్షణం నిలబడి లోపలికి ఎక్కింది. ఫర్హానా తలుపు వేసి, అద్దాల గది వైపు తిరిగి, గొర్రెతో పని లేదని ఇంగ్లీషులో చెప్పింది. కొనుగోలుదారుల్లో ఒకడు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. హాల్డెన్ ట్యాబ్లెట్ మీద వేలు పెట్టాడు.

మొదటి ఆజ్ఞ. తలుపులు పడ్డాయి.

రెండో ఆజ్ఞ. ఫోన్‌లో కీ ఎంత పట్టిందో చూపే అంకె కదిలింది. ఒక శాతం.

అతని చేతిలో పెద్ద స్పానర్ ఉంది. పక్క మెట్లు దిగితే ఇరవై అడుగుల్లో కారు. అద్దం పగలడానికి ఒక్క దెబ్బ. అప్పుడు డెమో ఆగుతుంది, హాల్డెన్ జారుకుంటాడు, కీ దొరకదు. అతను స్పానర్ కింద పెట్టి ఫోన్ చూశాడు.

ఇరవై శాతం. పోలేరమ్మ పిడికిళ్లతో అద్దం కొడుతోంది.

నలభై. అరచేతులు అద్దానికి ఆనించి నెడుతోంది. తలుపు లోపలి వైపు ఎండకు కాగిన నల్ల రేకు పట్టుకుని లాగింది. విడిచింది. మళ్లీ పట్టుకుంది. అద్దం మీద తడి మరకలు పడుతున్నాయి.

అరవై. ఆమె తల పైకెత్తి మేడ వైపు చూసింది. పిట్టగోడ సందులో అతని కళ్లు కనిపించాయి. ఆమె కొట్టడం ఆపేసింది. చూస్తూ ఉండిపోయింది.

ఎనభై. తల పక్కకు వాలింది. ఫర్హానా వాచీ చూసుకుంది.

తొంభై ఆరు. “ఇప్పుడు మూడోది,” అన్నాడు హాల్డెన్ కొనుగోలుదారులతో. ట్యాబ్లెట్ మీద ఎర్ర బటన్ వచ్చింది. వేలు దించబోయాడు.

నూరు.

హాల్డెన్ వేలి కన్నా రెప్పపాటు ముందు నాగేంద్రప్రసాద్ బొటనవేలు ఫోన్ మీద పడింది. తెల్ల కారు తలుపులు తెరుచుకున్నాయి. హాల్డెన్ ట్యాబ్లెట్ మీద ‘ఆజ్ఞ చెల్లదు’ అని వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే.

ఆ తర్వాత అంతా తొందరగా జరిగింది. కొనుగోలుదారులు గేటు వైపు పరుగెత్తి, డైరెక్టర్ పిలిపించిన కువైట్ పోలీసుల చేతుల్లో పడ్డారు. హాల్డెన్, ఫర్హానా పసుపు చున్‌యాన్‌లోకి దూరారు. నాలుగు లక్షల బండి, కంప్యూటర్ ఒక్కటే, కీ ఒక్కటే. నాగేంద్రప్రసాద్ మొదటి ఆజ్ఞ ఇచ్చాడు. తర్వాత రెండోది కూడా ఇచ్చాడు.

మేడ దిగి, పోలేరమ్మను నీడలోకి మోసుకొచ్చి గొర్రె తొట్టిలోని నీళ్లు మొహాన చల్లాడు. పసుపు కారులో ఎర్ర గోళ్లు అద్దాన్ని గీరుతున్నాయి. పోలీసు ఆఫీసర్ తలుపులు తియ్యమన్నాడు. నాగేంద్రప్రసాద్ గడియారం చూసుకుని, ఆరు నిమిషాలు పూర్తిగా నిండాక తీశాడు. ఇద్దరూ బతికే బయటికి వచ్చారు. హాల్డెన్ అప్పటికే పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం కువైట్ ఎయిర్‌పోర్ట్. పోలేరమ్మ పాస్‌పోర్టు బీరువాలో దొరికింది. టిక్కెట్టు అతనే కొన్నాడు. ఇద్దరూ ఇమిగ్రేషన్ లైనులో నిలబడ్డారు.

ఆఫీసర్ వేళ్లు మెషీన్ మీద పెట్టమన్నాడు. ఆమె కట్లు విప్పింది. పది వేళ్లూ బొబ్బలెక్కి, చిట్లి, తోలు ఊడిపోతున్నాయి. పెట్టింది. ఎర్ర లైటు. తుడిచి మళ్లీ పెట్టమన్నాడు. ఎర్ర లైటు. ఆఫీసర్ మంచివాడే, టిష్యూ ఇచ్చాడు, తన చేత్తో నొక్కి చూశాడు. ఎర్ర లైటు. ఆమె పోలేరమ్మే అని మెషీన్ ఒప్పుకోలేదు. కొత్త తోలు రావాలన్నాడు. నెల పట్టొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు. అందాకా ఎంబసీ షెల్టర్‌లో ఉండమన్నాడు.

నాగేంద్రప్రసాద్ ఫోన్ మోగింది. నలభై వేల కార్లకూ సాఫ్ట్‌వేర్ మార్చేస్తున్నారని డైరెక్టర్ సంబరంగా చెప్పాడు. రిపోర్టులో రాయడానికి నష్టం ఏమన్నా ఉందా అని అడిగాడు.

“లేదు సార్,” అన్నాడు.

పోలేరమ్మ కట్లు మళ్లీ చుట్టుకుంటోంది. ముడి పడటం లేదు. అతను సాయం చెయ్యబోతే చేతులు వెనక్కి తీసుకుంది. ఆమెతో పాటు ఆగుతానని అతను అన్నాడు. అంటూనే బోర్డింగ్ టైము చూసుకున్నాడు.

“నువ్వు పోన్నా,” అంది పోలేరమ్మ. “నిలబడి సూడ్డం నీకు అలవాటే గానీ, ఈ తూరి ఈడ సూసేదానికేం లేదు.”

అతను వెళ్లాడు. విమానంలో కిటికీ సీటు దొరికింది. ఎండ మొహాన పడుతుంటే షేడ్ దించుకున్నాడు.